నిప్పుకొండలూ గాలివానలూ

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో పట్టపగలే చీకటి పడింది. ఐదు వందల ఏళ్లుగా చడీచప్పుడూ లేకుండా ఉన్న పినటుబో కొండ మధ్యాహ్నం ఒంటిగంటా నలభై దాటాక పూర్తిస్థాయిలో బద్దలైంది. బూడిద 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. తొమ్మిది గంటలపాటు ఆ పేలుడు ఆగలేదు. అదే రోజు యున్యా అనే టైఫూన్ తీరం దాటి, బలహీనపడుతూ, కొండకు ఈశాన్యంగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలోంచి సాగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో రెండో అతిపెద్ద విస్ఫోటమూ, ఒక తుపానూ ఒకే మధ్యాహ్నం ఒకే చోట కలిశాయి.

అగ్నిపర్వతపు బూడిద మామూలుగా గాలివాలున ఒకవైపుకు పోతుంది. ఆ రోజు యున్యా గాలులు దాన్ని నలుదిక్కులా వెదజల్లాయి. పైనుంచి వాన. కట్టెలు కాలితే వచ్చే బూడిద వేరు, ఇది వేరు. ఇది పిండి పిండిగా నలిగిన రాయి, గాజు. ఒక చదరపు మీటరు కప్పు మీద పది సెంటీమీటర్ల మందాన పొడిగా పేరుకుంటే యాభై, అరవై కిలోలు ఉంటుంది. తడిస్తే క్వింటాలు దాటుతుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ఇంటికి లెక్కేస్తే నెత్తిన పది టన్నుల పైమాటే. రేకులూ చెక్క దూలాలూ అంత బరువు మోయలేవు. విస్ఫోటం మొదటి దెబ్బకు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలిన కప్పుల కింద నలిగిపోయినవాళ్లే. కొండ పేలబోతోందని ఫిలిప్పీన్స్, అమెరికా శాస్త్రవేత్తలు ముందే పసిగట్టి, వేలాది జనాన్ని ఖాళీ చేయించి, కనీసం ఐదు వేల ప్రాణాలు కాపాడారు. భూగర్భ శాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో అది ఒకటి. తుపాను వచ్చి బూడిదను తడుపుతుందన్నది మాత్రం ఎవరి చేతిలోనూ లేని సంగతి.

అగ్నిపర్వతాలు తుపాన్ల మీద ఏ ప్రభావం చూపుతాయన్న ప్రశ్నకు సాధారణంగా ఆకాశంలో జరిగే కథే జవాబుగా వస్తుంది. ఆ కథ ఆసక్తికరమైనదే, దాని దగ్గరికి వస్తాను. కానీ నేల మీద జరిగేది ముందు చెప్పాలి. ఎందుకంటే అందులో సందేహాలు లేవు, చావులు ఎక్కువ.

పేలుడు ఆగిపోయాక కొండ వాలుల మీద కోట్ల టన్నుల బూడిద, గులకరాయి వదులుగా మిగిలిపోతాయి. గట్టి వాన పడితే అదంతా చిక్కటి బురదై, బండరాళ్లను కూడా మోసుకుంటూ లోయలోకి దూకుతుంది. దీన్ని లహార్ అంటారు, జావా భాష నుంచి వచ్చిన మాట. పినటుబో చుట్టూ ఈ బురద ప్రవాహాలు ఏళ్ల తరబడి ప్రతి వానాకాలం వచ్చాయి. బకొలోర్ అనే ఊరు 1991లో బయటపడింది, 1995లో పూడిపోయింది. ఆ ఏడాది అక్టోబర్ 1న తుపాను వానకు దిగివచ్చిన లహార్ అక్కడి సాన్ గిల్లెర్మో చర్చిని సగం ఎత్తు వరకూ ముంచేసింది. పన్నెండు మీటర్ల కట్టడంలో ఆరు మీటర్లు మట్టి కిందికి పోయాయి. ఊరివాళ్లు బలిపీఠాన్ని తవ్వి తీసి, గోపురం కింద కొత్త నేలమట్టం మీద తిరిగి నిలబెట్టారు. ఒకప్పటి పైకిటికీలే ఇప్పుడు లోపలికి వెళ్లే దారులు.

అదే దేశంలో మయోన్ కొండ 2006 వేసవి తర్వాత కొన్ని నెలలు లావా కక్కి చల్లబడింది. నవంబర్ 30న దురియన్ టైఫూన్ వచ్చింది. వాలుల మీద నిలవ ఉన్న బూడిదంతా కొన్ని గంటల్లో కిందికి జారింది. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి సుమారు వెయ్యిమంది. కొండ పేలుతున్నప్పుడు పోని ప్రాణాలు పేలుడు ఆగాక పోయాయి. 1998లో మధ్య అమెరికాను ముంచెత్తిన మిచ్ హరికేన్ నాటి ఉదంతం మరీ దారుణం. నికరాగ్వాలోని కసీటా అగ్నిపర్వతం అప్పుడు పేలనే లేదు. ఎన్నో ఏళ్లుగా లోపలి వేడికీ, ఆమ్ల వాయువులకూ కుళ్లిపోయిన దాని పక్క భాగం కుండపోత వానకు ఊడిపడి, రెండు ఊళ్లను తుడిచిపెట్టింది. రెండు వేలమందికి పైగా పోయారు. అగ్నిపర్వతం బతికుందా, నిద్రపోతోందా అన్నది తుపానుకు పట్టదు. వాలు ఎంత నిటారుగా ఉంది, మట్టి ఎంత వదులుగా ఉంది అన్నదే లెక్క.

2010 మే నెల చివర గ్వాటెమాలాలో ఇదే నగరపు రూపంలో కనబడింది. 27న పకాయా కొండ పేలి రాజధాని మీద నల్లటి ఇసుక కురిపించింది. రెండు రోజులకే అగాథా తుపాను. ఆ ఇసుక మురుగు కాలువల్లో ఇరుక్కుపోవడంతో వాననీళ్లకు దారి లేక వీధులు చెరువులయ్యాయి.

బూడిద, వాన కలిస్తే ఏమవుతుందో చూపించే పాత సాక్ష్యం ఒకటి మన దగ్గరే ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో, జుర్రేరు లోయలోని జ్వాలాపురం దగ్గర నేలను తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా బద్దలైనప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరివచ్చి పడిన బూడిద అది. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఆ పొరకు కింద, పైన దొరికిన రాతి పనిముట్ల మీద 2007లో ప్రచురించిన పరిశోధన ప్రపంచమంతా చర్చకు వచ్చింది. నన్ను ఆకట్టుకునేది ఆ పొర మందం. కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటుతుంది. ఆకాశం నుంచి నేరుగా పడింది అందులో కొద్ది సెంటీమీటర్లే. మిగతాదంతా చుట్టుపక్కల గుట్టల మీద నుంచి వాననీళ్లు కడిగి తెచ్చి లోయలో పేర్చినది.

ఇక ఆకాశం.

బూడిద బరువైనది. పెద్ద రేణువులు గంటల్లో, సన్నవి రోజుల్లో, మహా అయితే వారాల్లో నేలకు చేరతాయి. వాతావరణాన్ని మార్చేది బూడిదతోపాటు లేచే సల్ఫర్ డయాక్సైడ్. పినటుబో ఒక్క రోజులో కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల ఆ వాయువును స్ట్రాటో ఆవరణంలోకి పంపింది. మేఘాలూ వానలూ ఉండే పొరకు పైన ఉంటుందది. అక్కడ కడిగేందుకు వాన లేదు. సల్ఫర్ డయాక్సైడ్ నీటి ఆవిరితో కలిసి కొద్ది వారాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపరగా మారుతుంది. ఆ తుంపర ఏడాది, రెండేళ్లు పైనే తేలుతూ ఎండలో కొంత భాగాన్ని తిప్పికొడుతుంది. డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద పలచటి చీర కప్పితే ఎండ పోదు, కానీ వడియాలు ఎండే తీరు మారుతుంది. ఇదీ అంతే. పినటుబో మేఘం మూడు వారాల్లో భూమిని చుట్టేసింది. 1992లో భూగోళపు సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం ఆ ఏడాది జనవరిలోనే ఈ అంకెను ముందుగా చెప్పింది.

ఇలాంటి మేఘం ఉష్ణమండలంలో ఎంత వేగంగా పాకుతుందో మొదటిసారి మనుషులు గమనించింది 1883లో. ఆగస్టు 27న ఇండోనేషియాలో క్రకటోవా పేలింది. అది లేపిన ఉప్పెన అలలకే 36 వేలమంది పోయారు. సెప్టెంబర్ రెండో వారంలో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పే మిచీ స్మిత్ ఆ ఆకుపచ్చ సూర్యుణ్ని శ్రద్ధగా పరిశీలించి రాసిపెట్టాడు. తర్వాతి కాలంలో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి మొదటి డైరెక్టర్ ఆయనే. ఆ మేఘం ఇండోనేషియా నుంచి నేరుగా మద్రాసుకు రాలేదు. పడమరగా ఆఫ్రికా, అట్లాంటిక్, పసిఫిక్ దాటి దాదాపు రెండు వారాల్లో ఒక పూర్తి చుట్టు తిరిగి మన మీదికి వచ్చింది.

ఇలా ఎండ తగ్గితే తుపానుకు ఏమవుతుంది? తుపాను వేడితో నడిచే యంత్రం. ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీలకు మించి వేడెక్కిన సముద్రం మీది తేమ దానికి ఇంధనం. ఆ తేమ పైకెక్కి, ఘనీభవించి, వేడిని వదిలి, పదిహేను పదహారు కిలోమీటర్ల ఎత్తున మైనస్ 70 డిగ్రీల చలిలోకి బయటికి చిమ్ముకుంటుంది. కింద ఎంత వేడి, పైన ఎంత చలి అన్న తేడాయే గాలి వేగానికి గరిష్ఠ హద్దు నిర్ణయిస్తుందని ఎంఐటీలోని కెర్రీ ఇమాన్యుయేల్ 1980లలో సూత్రీకరించాడు. అగ్నిపర్వతం ఈ యంత్రాన్ని రెండు చివరలా దెబ్బతీస్తుంది. సముద్రపు పైపొరను డిగ్రీలో కొన్ని పదో వంతులు చల్లబరుస్తుంది. అదే సమయంలో పైనున్న ఆమ్ల తుంపర భూమి నుంచి వచ్చే పరారుణ వేడిని పీల్చుకుని స్ట్రాటో ఆవరణాన్ని వేడెక్కిస్తుంది. పినటుబో తర్వాత ఉష్ణమండలం మీద అది రెండు, మూడు డిగ్రీలు పెరిగింది. కింద చలి, పైన వేడి అయితే యంత్రం నీరసించాలి.

లెక్క ఇంత సూటిగా ఉంటే అగ్నిపర్వతం పేలిన ప్రతిసారీ తుపాన్లు తగ్గాలి. అట్లాంటిక్ రికార్డు చూస్తే అలాగే కనిపిస్తుంది. 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్, 1991లో పినటుబో పేలాక రెండు, మూడేళ్లపాటు అక్కడ హరికేన్ల సంఖ్య, బలం, ఆయుష్షు మూడూ తగ్గాయని అమాటో ఎవాన్ 2012లో చూపించాడు. చిక్కు ఎక్కడంటే, ఈ రెండు విస్ఫోటాల వెంటే, పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో సముద్రం వేడెక్కే ఎల్‌నినో కూడా వచ్చింది. ఎల్‌నినో వస్తే అట్లాంటిక్ మీద పైగాలికీ కిందిగాలికీ పొంతన కుదరక, ఎదిగే తుపానుల తలలు తెగిపోతాయి. హరికేన్లు ఎలాగూ తగ్గుతాయి. మరి తగ్గించింది కొండా, ఎల్‌నినోనా? 1963లో బాలీ దీవిలో ఆగుంగ్ పేలినప్పుడూ ఎల్‌నినో వచ్చింది. అప్పటి నుంచి ఆకాశాన్ని ఇంతగా కమ్మిన పెద్ద విస్ఫోటాలు ఈ మూడే. మూడింటికి మూడూ కలగలిసిపోయాయి.

పైగా సగటు తగ్గడమంటే ముప్పు తప్పడం కాదు. 1992లో అట్లాంటిక్ సీజన్ చాలా మందకొడిగా నడిచింది. పేరు పెట్టదగ్గ మొదటి తుపాను ఆగస్టు మధ్యకు గానీ రాలేదు. ఆ మొదటిదే ఆండ్రూ. ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను ఐదో కేటగిరీ బలంతో కొట్టింది. పసిఫిక్ పడమటి వైపు అసలు తగ్గుదలే లేదు, 1992లో అక్కడ టైఫూన్లు ముమ్మరంగా వచ్చాయి. పినటుబో పేలిన ఐదు నెలలకే, 1991 నవంబర్‌లో, థెల్మా తుపాను వాన ఫిలిప్పీన్స్‌లోని ఓర్మోక్ పట్టణంలో వేలమందిని వరదలో ముంచి చంపింది. ఆకాశంలో ఆ ఆమ్ల తుంపర తెర అప్పుడు చిక్కగానే ఉంది.

ఈ ముడిని విప్పడానికి కంప్యూటర్ నమూనాలు అక్కరకొచ్చాయి. అందులో అగ్నిపర్వతాన్ని ఎల్‌నినో లేకుండా పేల్చవచ్చు. కావాలంటే ఉత్తరాన, కావాలంటే దక్షిణాన. అలా పేల్చి చూసినప్పుడు తేలిన ముఖ్యమైన సంగతి: ఎంత చల్లబడింది అన్నదానికంటే ఏ అర్ధగోళం చల్లబడింది అన్నది పెద్ద విషయం.

భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టూ ఒక వానల పట్టీ ఉంటుంది. ఉత్తర, దక్షిణ వ్యాపార పవనాలు అక్కడ కలుసుకుని పైకి లేస్తాయి. ఎండాకాలం వచ్చిన వైపుకు ఈ పట్టీ జరుగుతుంది. మన నైరుతి రుతుపవనాలు కూడా దాని విస్తరణలో భాగమే. ఒక అర్ధగోళం చల్లబడితే పట్టీ దానికి దూరంగా, వెచ్చగా ఉన్న రెండో వైపుకు జరుగుతుంది. 1902లో గ్వాటెమాలాలో సాంటా మరియా, 1912లో అలాస్కాలో కట్మై, 1982లో ఎల్ చిచోన్ చిమ్మిన గంధకం ఎక్కువగా ఉత్తరానే నిలిచింది. ఆగుంగ్‌ది ఎక్కువగా దక్షిణానికి పోయింది. పినటుబోది దాదాపు రెండు వైపులా పరుచుకుంది.

ఉత్తరం చల్లబడిన ఏడాది వానల పట్టీ దక్షిణానికి తగ్గితే మొదట ఎండేది ఆఫ్రికాలో సహారా ఎడారి కింది అంచున ఉన్న సాహెల్. ఇరవయ్యో శతాబ్దం నుంచి చూస్తే సాహెల్‌లో అత్యంత దారుణంగా వానలు తప్పిన నాలుగేళ్లలో మూడింటికి ముందు ఉత్తరార్ధగోళంలో పెద్ద విస్ఫోటం జరిగిందని బ్రిటన్ శాస్త్రవేత్త జిమ్ హేవుడ్ బృందం 2013లో లెక్క తేల్చింది. అట్లాంటిక్ హరికేన్లలో చాలావాటికి బీజం ఆ సాహెల్ మీదుగా పడమరకు కదిలే గాలి అలల్లోనే పడుతుంది. బీజం బలహీనపడితే హరికేన్లూ తగ్గుతాయి. అంతేకాదు, భూమధ్యరేఖకు మరీ దగ్గరగా జరిగిన పట్టీలో వాయుగుండాలు తిరగలేవు. భూభ్రమణం ఇచ్చే మెలిక అక్కడ చాలదు. 2019లో ఫ్రాన్సెస్కో పౌసాటా, సుజానా కమార్గో ఇలాంటి నమూనాలతోనే చూపించారు: పెద్ద విస్ఫోటం ప్రభావం తుపాన్ల మీద నాలుగేళ్ల దాకా ఉండవచ్చు, ఒక సముద్రంలో తగ్గితే మరో సముద్రంలో పెరగవచ్చు, దీనికి అసలు కారణం ఈ పట్టీ జరగడమే.

నమూనా చెప్పింది నిజమో కాదో తేల్చాలంటే ఉపగ్రహాలు రాకముందటి తుపాన్ల చరిత్ర కావాలి. అది ఎక్కడెక్కడ దాగి ఉందో చూస్తే ముచ్చటేస్తుంది. ఫ్లోరిడా దీవుల్లోని పైన్ చెట్లు తుపాను కొట్టిన ఏడాది సన్నగా ఎదుగుతాయి. ఆ వలయాలను వలేరీ ట్రూఎట్ బృందం కరీబియన్ సముద్రంలో మునిగిన స్పెయిన్ ఓడల చిట్టాతో సరిపోల్చింది. రెండూ కలిశాయి. సూర్యుడు కాస్త మసకబారిన 1645-1715 మధ్య అక్కడ తుపాన్లు 75 శాతం తగ్గాయని 2016లో ప్రకటించారు. అక్కడ ఎండ తగ్గించింది కొండ కాదు, సూర్యుడే. అయినా ఎండ కొద్దిగా తగ్గితే తుపాన్లు ఎంతగా స్పందిస్తాయో అది చెబుతోంది.

మన బంగాళాఖాతం సంగతి వేరు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఎనభై, తొంభై తుపాన్లు పుడితే ఉత్తర హిందూ మహాసముద్రం వాటా ఐదు దాకా ఉంటుంది. అంత తక్కువ సంఖ్యలో ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా దాన్ని కొండ ఖాతాలో వేయడం సాహసమే. అండమాన్ సముద్రంలో మనకున్న ఒకే ఒక చురుకైన అగ్నిపర్వతం బారెన్ ఐలాండ్. తుపాన్లు పుట్టే నీళ్ల మధ్యే ఉన్నా, దాని పొగ స్ట్రాటో ఆవరణాన్ని అందుకునేంత పెద్దది కాదు.

చిన్న కొండలకు చిన్న ప్రభావాలు లేవని కాదు. 2013 జులైలో ఫ్లోసీ అనే తుపాను హవాయి దీవులకు చేరినప్పుడు కిలౌయా అగ్నిపర్వతం నుంచి అప్పట్లో ఎడతెగక వస్తున్న గంధకపు పొగ దాని మేఘాల్లో కలిసింది. ఆ కణాల చుట్టూ నీటి బిందువులు మరింత చిన్నవిగా, ఎక్కువగా ఏర్పడి, పైకెక్కి గడ్డకట్టి, మెరుపులు పెరిగాయని హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు వివరించారు. తుపాను దారి మారలేదు, దాని లోపలి మేఘం మారింది. విస్ఫోటపు స్తంభం తనంతట తానే సుడి తిరుగుతుందని కూడా 2009లో పినాకి చక్రవర్తి, గుస్తావో జోయా, సూజన్ కీఫర్ పినటుబో ఉపగ్రహ చిత్రాల నుంచి రాబట్టారు. 1811లో అజోర్స్ దీవుల దగ్గర సముద్రంలో లేచిన అగ్నిపర్వతపు పొగ చుట్టూ జలస్తంభాలు తిరగడం చూసిన ఓ ఓడ కెప్టెన్ రాసిన మాటలకు అలా రెండు శతాబ్దాల తర్వాత అర్థం దొరికింది.

పెద్ద పేలుళ్లన్నీ ఒక తీరుగా ఉంటాయనుకోవద్దని 2022 జనవరి 15న టోంగా దగ్గర హుంగా అగ్నిపర్వతం హెచ్చరించింది. దాని పొగ 57 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. పినటుబోను మించిన ఎత్తు. అయితే అది చిమ్మిన సల్ఫర్ డయాక్సైడ్ పినటుబోతో పోలిస్తే చాలా తక్కువ. బదులుగా, సముద్రం అడుగున పేలినందుకు, దాదాపు 14.6 కోట్ల టన్నుల నీటి ఆవిరిని పైకి పంపింది. స్ట్రాటో ఆవరణంలో అప్పటిదాకా ఉన్న నీటిలో అది పదో వంతు. పినటుబో లెక్కలు దానికి వర్తించవు.

ఇదంతా ఇప్పుడు ఎందుకింత అవసరమంటే, అగ్నిపర్వతం చేసే పనిని మనుషులే చేయాలన్న ఆలోచన గట్టిపడుతోంది. విమానాలతో గంధకాన్ని స్ట్రాటో ఆవరణంలో చల్లి భూమిని చల్లబరచాలని కొందరంటున్నారు. దానికి ప్రకృతి చేసి చూపిన నమూనాగా పినటుబోనే చూపిస్తారు. బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ, ఆ దేశ వాతావరణ శాఖ శాస్త్రవేత్తలు 2017లో ఇలా చల్లడాన్ని నమూనాలో పెట్టి చూశారు. ఉత్తరార్ధగోళంలో చల్లితే అట్లాంటిక్ హరికేన్లు తగ్గాయి, సాహెల్‌లో వానలు తప్పాయి. దక్షిణాన చల్లితే హరికేన్లు పెరిగాయి. అంటే ఒక దేశం తన తీరాన్ని కాపాడుకోవడానికి వేసిన అడుగు మరో ఖండంలో పంటను ఎండబెట్టగలదు. ఇది నన్ను నిజంగా భయపెడుతుంది.

అట్లాంటిక్ కోసం ఈ లెక్క వేసినవాళ్లు బంగాళాఖాతం కోసం వేసిపెడతారని ఎదురుచూడకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకూ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రానికీ ఆ పని చేయగల మనుషులూ యంత్రాలూ ఉన్నాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మచిలీపట్నం, కాకినాడ, శ్రీకాకుళం వైపు వచ్చే తుపాన్లనూ, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే వాననూ ఒకే లెక్కలో పెట్టి చూడాలి. ఆ విమానాలను ఎవరైనా ఎగరేసే లోపే ఆ ఫలితాలు మన చేతిలో ఉండాలి.